ఆరు గాజుముక్కలు

మా ఇంటి హాల్లో గోడమీద ఒక ఫోటో వుంది. వీధరుగు మీద మా అమ్మమ్మ కూచుని వత్తులు చేసుకుంటూ వుంటుంది. పక్కన లాంతరు. ఎడమ చెంపమీద వెలుగు, ముక్కుపుడకమీద ఒక చుక్క మెరుపు, కుడివైపంతా చీకటి. వేళ్ళమధ్య నలుగుతున్న దూది పోగు కూడా కనిపిస్తుంది. 1968లో భీమిలి దగ్గర మా అమ్మమ్మగారి వూళ్ళో తీసిన ఫోటో అది. ఆ ఇంటికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఫ్లాషు బల్బు వెలిగించలేదు. మా మేనమామ చేతిలో వున్నదల్లా ఒక కెమెరా, దానికొక లెన్సు. దీపమంటే ఆ లాంతరే.

ఫోటో తీస్తే ఆయుష్షు తరుగుతుందని ఆ తరంవాళ్ళకు ఒక భయం వుండేది. మా అమ్మ పెళ్ళి ఫోటోలో కూడా ఆవిడ లేదు. ఆ రాత్రి మావయ్య స్తంభం చాటున నిలబడి తీశాడు. కెమెరా టక్కుమన్న చప్పుడుకు ఆవిడ తలెత్తి “ఏమిట్రా అది?” అన్నదట. “ఏం లేదమ్మా, తాళం” అన్నాడట మావయ్య. మరుసటి ఏడాది ఆవిడ పోయింది. ఆవిడ ముఖం ఎలా వుండేదో మా పిల్లలకు చూపిద్దామంటే ఈ భూప్రపంచం మీద ఆ ఒక్క కాగితమే వుంది.

మావయ్య పోయి నాలుగేళ్ళయింది. కర్మకాండ అయిన తరువాత అత్తయ్య ఒక తోలుసంచీ తెచ్చి నా చేతిలో పెట్టి, “మీ మావయ్యగారు ఇది నీకే ఇమ్మన్నారురా” అంది. బొత్తాం విప్పి కెమెరా బయటికి తీశాను. లెన్సు విడదీసి కిటికీవైపు పెట్టి చూశాను. గుండె జారిపోయింది. లోపలి గాజుమీద సాలెగూడు అల్లినట్టు తెల్లటి పోగులు! బూజు.

నగరంలో ఒక పెద్ద కెమెరా కొట్టుకు పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రవాడు అరక్షణం చూసి, “పారెయ్యండి సార్, దీనికి వైద్యం లేదు” అన్నాడు. మా అబ్బాయి కూడా, “అలంకారానికి కొనేవాళ్ళుంటారు నాన్నా, వచ్చినకాడికి అమ్మేద్దాం” అన్నాడు. వాణ్ణి తప్పు పట్టను. వాడి జేబులోని టెలిఫోనే చీకట్లో కూడా పట్టపగల్లా ఫోటో తీస్తుంది. కానీ నాకు మనసొప్పలేదు. ఆ గాజులోంచే గదా అమ్మమ్మ మాకు మిగిలింది!

ఇంతకూ ఆ లెన్సు మావయ్య చేతికెలా వచ్చిందో చెప్పాలి. ఆయన విశాఖపట్నం రేవులో గుమాస్తా. ఆ రోజుల్లో విశాఖ నుంచి జపానుకు ఇనుపరాయి ఎగుమతి అవుతూండేది. ఆ ఓడలమీద పనిచేసే ఒక స్నేహితుడు ఈయనకోసం 1967లో తెచ్చిపెట్టాడు: నైకాన్ ఎఫ్ కెమెరా, దానికి 50 మిల్లీమీటర్ల నిక్కార్ లెన్సు. బాకీ తీర్చడానికి మావయ్యకు మూడేళ్ళు పట్టింది. అత్తయ్య ఆ మూడేళ్ళ సంగతి నిన్నమొన్నటి దాకా ఆయనకు గుర్తుచేస్తూనే వుండేది.

లెన్సు ముందు అంచుమీద చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు చెక్కివుంటాయి. ‘నిప్పన్ కొగాకు, జపాన్’ అని తయారుచేసినవారి పేరు. 1917లో పుట్టిన కంపెనీ అది. నైకాన్ అనే పేరు కంపెనీకే పెట్టుకున్నది 1988లో. ఆ తరువాత ‘నిక్కార్-హెచ్’ అని వుంటుంది. ఈ హెచ్ ఏమిటని చిన్నప్పుడు అడిగితే, “హెక్సా. అంటే గ్రీకులో ఆరు. దీనిలో ఆరు గాజుముక్కలున్నాయి” అన్నాడు మావయ్య. నిజమే; వారు ఆ కాలంలో ప్రతి లెన్సుమీదా దానిలో ఎన్ని గాజుముక్కలున్నాయో అక్షరంతో చెప్పేవారు. నాలుగైతే క్యూ, ఐదైతే పి, ఏడైతే ఎస్. సరుకు లోపల ఏముందో పైన రాసి అమ్మే వ్యాపారులు ఎంతమంది వుంటారు చెప్పండి!

ఒక్క భూతద్దం చాలదా, ఆరెందుకు అని మీరడగవచ్చు. భూతద్దాన్ని గోడకెదురుగా పట్టుకుంటే కిటికీ బొమ్మ తలకిందులుగా పడుతుంది గదా. దాన్ని శ్రద్ధగా చూడండి. నడుమ స్పష్టంగా వుంటే అంచులు అలుక్కుపోతాయి. అంచులు సరిచేస్తే నడుమ చెడుతుంది. గీతలవెంట రంగు అంచులు కనిపిస్తాయి. గాజు అన్ని రంగుల వెలుగునూ ఒకేలా వంచదు. నడుమనుంచి వచ్చిన కిరణాన్నీ, అంచునుంచి వచ్చిన కిరణాన్నీ ఒకే చోట కలపదు. ఈ జబ్బులకు మందు ఇంకొక గాజే. ఒక గాజు చేసిన తప్పును, ఎదురు తప్పు చేసే మరొక గాజు దిద్దుతుంది. అత్తాకోడళ్ళలాగ అనుకోండి, విడివిడిగా ఎవరితోనూ వేగలేం, ఇద్దరూ ఒక ఇంట్లో కలిస్తే ఇల్లు నడుస్తుంది!

అయితే అన్ని గాజులూ ఒకే రకమైతే ఈ ఎదురు పథకం సాగదు. 1884లో జర్మనీలోని జేనా పట్టణంలో ఆటో షాట్ అనే రసాయనవేత్త, ఎర్నెస్ట్ ఆబే, జైస్ కంపెనీ వారు కలిసి గాజు కార్ఖానా పెట్టారు. రకరకాల మూలకాలు కలిపి, వెలుగును ఇంత వంచాలి, రంగుల్ని ఇంతే చీల్చాలి అని కొలిచి గాజు పోయడం అక్కడ వృద్ధి అయింది. 1893లో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ మూడు గాజులతోనే ఈ జబ్బులన్నీ చాలావరకు నయం చేశాడు. 1902లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ నాలుగు గాజులతో టెస్సార్ చేశాడు. టెస్సార్ అంటే కూడా గ్రీకులో నాలుగే. ‘మీ కెమెరాకు డేగకన్ను’ అని దాన్ని ప్రకటించుకునేవారు.

అదే రుడాల్ఫ్ అంతకు ఆరేళ్ళ ముందే, 1896లో, ఆరు గాజుల లెన్సొకటి చేశాడు. దాని పేరు ప్లానార్. మధ్యలో వెలుగు దూరే రంధ్రం, దానికి అటు మూడు, ఇటు మూడు గాజులు, అద్దంలో నీడలాగ ఎదురెదురుగా. మా మావయ్య లెన్సు ఆ వంశంలోదే. కానీ ప్లానార్ పుట్టగానే పైకి రాలేకపోయింది. కారణం వినడానికి చిన్నది. కిటికీ అద్దంలో మన ముఖం కనబడుతుంది గదా. అంటే వచ్చిన వెలుగులో కొంత గాజుమీంచి వెనక్కి పోతూందన్నమాట. ప్రతి గాజుముఖం దగ్గరా నూటికి నాలుగైదు పాళ్ళు ఇలా పోతుంది. ప్లానార్‌లో గాలికి తగిలే ముఖాలు ఎనిమిది. అన్నీ కలిసి మూడోవంతు వెలుగును మింగేసేవి. పోయిందే పోయింది, అది వూరుకుంటుందా? లోపలే అటూయిటూ ఎగిరి ఫిలిం మీద మంచుతెరలా పరుచుకునేది. నలుపు బూడిదరంగయ్యేది.

ఇక్కడొక తమాషా. పైన చెప్పిన టేలర్ ఒక సంగతి కనిపెట్టాడు. వాడి వాడి పాతబడి, ముందు గాజు మసకబారినట్టున్న లెన్సులు కొత్తవాటికంటే ఎక్కువ వెలుగును లోపలికి పంపుతున్నాయి! గాజుమీద కాలం వేసిన పలచటి పొర ఆ ఎదురువెలుగును తగ్గిస్తూందన్నమాట. నలభై ఏళ్ళ తరువాత, 1935లో, జైస్ కంపెనీలోని అలెగ్జాండర్ స్మకులా ఆ పొరను కావాలని వేసే పద్ధతి కనిపెట్టాడు. గాలి తీసేసిన గదిలో మెగ్నీషియం ఫ్లోరైడ్ లాంటి పదార్థాన్ని ఆవిరిచేసి గాజుమీద పట్టిస్తారు. పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. వానపడ్డ రోడ్డుమీద నూనెచుక్క రంగులు పూసినట్టు, లెన్సును వాల్చి చూస్తే నీలంగా, వూదాగా ఒక నిగనిగ కనిపిస్తుందే, అదీ ఈ పొర. అది వచ్చిన తరువాతే ఆరు గాజుల వంశానికి మహర్దశ పట్టింది.

ఈ యాభై మిల్లీమీటర్ల లెన్సు దగ్గరకూ పోదు, దూరానికీ పోదు. ఒకే కొలతకు కట్టుబడి వుంటుంది. ఇటువంటివాటిని ప్రైమ్ లెన్సులంటారు. బొమ్మ పెద్దది కావాలంటే మీరే నాలుగడుగులు ముందుకు వేయాలి. ఎక్కువ జాగా కావాలంటే వెనక్కి నడవాలి. దీనికి ప్రత్యర్థి జూమ్ లెన్సు. నిలబడ్డచోటునుంచే గొట్టం తిప్పి దూరపు మనిషిని దగ్గరికి లాక్కోవచ్చు. మామూలు ఫోటో కెమెరాకు అటువంటిది మొదట 1959లో వచ్చింది. పేరు జూమార్, దానిలో గాజుముక్కలు 14. ఒక్కొక్క కొలత దగ్గరా ఒక్కొక్క జబ్బు తలెత్తుతుంటే, అన్నిటికీ రాజీ కుదరాలి. ఆరుగురున్న ఇంట్లో మాట కలపడం వేరు, పద్నాలుగురున్న సత్రంలో వేరు.

న్యాయంగా చెప్పాలంటే, ఇప్పటి మంచి జూములు ఆ పాతకాలపు జూములు కావు. కంప్యూటర్లతో లెక్కకట్టి చేసిన వాటి స్పష్టత చూస్తే పాత ప్రైమ్ లెన్సులు చాలావాటికి తలవంపే. స్పష్టత ఒక్కటే చూసి పాతదాన్ని కొనుక్కోమని నేను చెప్పను. ఫిలిం వాడేవాడికి అసలు అవసరం వేరే వుంది. అది వెలుగు.

డిజిటల్ కెమెరాలో చీకటిపడితే ఒక మీట నొక్కి దాని చూపు పదునెక్కించుకోవచ్చు. ఫిలిముకు ఆ వీలు లేదు. నాలుగు వందల వేగమున్న రీలు పెట్టారంటే ఆ ముప్ఫైఆరు బొమ్మలూ ఆ వేగంతోనే సాగాలి. ఇక మిగిలింది రంధ్రం. లెన్సుమీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని అంకెలుంటాయి. అంకె చిన్నదైన కొద్దీ రంధ్రం పెద్దది. ఒక్కొక్క మెట్టుకూ వెలుగు సగమవుతుంది. మామూలు జూములు చాలావాటికి పెద్ద రంధ్రం అంటే 4; మావయ్య లెన్సుకు 2. అంటే నాలుగు రెట్ల వెలుగు. ఆ రాత్రి లాంతరు ముందు ఆయన పెట్టుకున్న లెక్క వెనకాల పుస్తకంలో రాసుకున్నాడు: ఓర్వో 400 ఫిలిం, రంధ్రం 2, సెకనులో పదిహేనో వంతు. రంధ్రం 4 అయివుంటే పావు సెకను పట్టేది. పావు సెకనులో వత్తి చేసే చెయ్యి ఎంతదూరం పోతుందో మీ ఇంట్లో అమ్మమ్మలుంటే చూడండి. మా గోడమీద దూదిపోగుకు బదులు ఒక తెల్లటి మసక వుండేది. ముఖం కూడా అంతే కావచ్చు.

లాంతరు వెలుగంటే ఒక సినిమా సంగతి జ్ఞాపకం వస్తూంది. స్టాన్లీ కుబ్రిక్ 1975లో ‘బారీ లిండన్’ అనే చిత్రం తీశాడు. అది పద్ధెనిమిదో శతాబ్దపు కథ. ఆ కాలంలో కరెంటు దీపాల్లేవు కనక కొన్ని గదుల దృశ్యాలు కొవ్వొత్తుల వెలుగుతోనే తీయాలని ఆయన పట్టు. అందుకు తగిన లెన్సు సినిమా ప్రపంచంలో లేదు. చంద్రుడి ఆవలివైపును ఫోటో తీయడం కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు జైస్ కంపెనీ ప్రత్యేకంగా చేసిచ్చిన ప్లానార్ లెన్సులున్నాయి. రంధ్రం 0.7! మావయ్య లెన్సుకంటే ఎనిమిది రెట్ల వెలుగు. మొత్తం చేసినవి పదే; వాటిలో మూడింటిని కుబ్రిక్ సంపాదించి, కెమెరాను కోసి, వాటికి సరిపోయేట్టు మార్పించుకున్నాడు. అవీ 50 మిల్లీమీటర్లవే. 1896 నాటి ఆ ఆరు గాజుల ఆలోచనే చంద్రుడిదాకా పోయి, మళ్ళీ కొవ్వొత్తి దగ్గరికి వచ్చిందన్నమాట.

యాభై మిల్లీమీటర్ల మాటకు వస్తే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు హెన్రీ కార్టియె-బ్రెస్సన్‌ను తలుచుకోకుండా ముందుకు పోలేము. తన చిన్న లైకా కెమెరాతో, ఎక్కువగా ఆ ఒక్క కొలత లెన్సుతోనే ఆయన ప్రపంచమంతా తిరిగాడు. 1948 జనవరి 30న గాంధీగారు హత్యకు గురికావడానికి కొద్దిసేపు ముందు ఆయన బాపును కలుసుకున్నాడు. ఆ రాత్రి బిర్లా భవనం గేటు దగ్గర నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతున్న ఫోటో ఆయన తీసిందే. దీపం వెలుగులో తీసింది; బొమ్మ అంత స్పష్టంగా వుండదు, అలికినట్టుంటుంది. అయినా ఆ రాత్రిని చూసినవాడు మరచిపోలేడు. ఫ్లాషు వేసివుంటే అన్నీ కనిపించేవి, ఆ చీకటి మాత్రం వుండేది కాదు.

మావయ్యకు ఎంతో ఇష్టమైన కథ ఇంకొకటి వుంది. ‘లైఫ్’ పత్రికకు పనిచేసే డేవిడ్ డగ్లస్ డంకన్ అనే అమెరికన్ 1950లో టోక్యోలో వుండగా, జున్ మికి అనే జపాను ఫోటోగ్రాఫరు గది వెలుతురులోనే ఆయన ఫోటో తీసి చూపించాడు. ఆ స్పష్టత చూసి డంకన్‌కు నోటమాట రాలేదు. ఏ లెన్సని అడిగితే 85 మిల్లీమీటర్ల నిక్కార్ అన్నాడు. జపాను వస్తువంటే చవకబారు నకలని లోకమంతా నవ్వే రోజులవి. డంకన్ తిన్నగా కార్ఖానాకు వెళ్ళి, పరీక్షించి చూసి, తన లైకాకే జపాను లెన్సులు బిగించుకున్నాడు. ఆ జూనులోనే కొరియా యుద్ధం వచ్చింది. అక్కడినుంచి ఆయన పంపిన బొమ్మలు చూసి న్యూయార్కులోని సంపాదకులు ముక్కుమీద వేలేసుకున్నారు. డిసెంబరుకల్లా న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ లెన్సుల గురించి వ్యాసం పడింది. ఓడిపోయిన దేశం తల ఎత్తుకోవడానికి రెండంగుళాల గొట్టం కూడా ఒక కారణమయింది చూడండి.

కథ చెప్పుకుంటూపోయి బూజు సంగతి మరచిపోయాను. హైదరాబాదులో ఒక పెద్దాయన వున్నాడని, పాత కెమెరాలు ఆయన చేతికి వస్తే లేచి నడుస్తాయని ఎవరో చెప్పారు. ఇరుకు సందు, మేడమెట్లకింద గది. ఆయన లెన్సును చేతిలోకి తీసుకుని, గాజులోకి చూడకుండా ముందు కళ్ళు మూసుకుని ఉంగరాన్ని అటూయిటూ తిప్పాడు.

“గ్రీజు ఎండింది సాబ్. మర మాత్రం బాగుంది. ఇది పారేసే చీజ్ కాదు” అన్నాడు.

నా ఎదుటే విప్పాడు. రెండు మొనల పనిముట్టుతో ముందు ఉంగరం తిప్పి తీసి, గాజులు ఒకటొకటే మెత్తటి గుడ్డమీద పేర్చాడు. ఆరు గాజులంటే విడివిడిగా ఆరు రావు. రెండు జతలు అతికివుంటాయి కనక నాలుగే బయటపడ్డాయి. పూర్వం ఆ జతలను కెనడా బాల్సం అనే చెట్టు జిగురుతో అతికేవారు. “అతుకు లోపలికి బూజు పోలేదు. పోయివుంటే నేను కూడా దండం పెట్టేవాణ్ణి” అన్నాడాయన. హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా కలిపిన నీళ్ళతో మెల్లిగా తుడిచాడు. పోగులు పోయాయి. ఒకచోట మాత్రం సన్నటి జాడ మిగిలింది. బూజు వదిలే ఆమ్లం పైపొరను కొరుకుతుందట. “ఎండకెదురుగా పెడితే కొంచెం తెల్లబడుతుంది. మిగతాచోట మీకు తెలియనే తెలియదు” అని ధైర్యం చెప్పాడు.

ఆ తరువాత గొట్టం విప్పి మరలు చూపించాడు. ఇత్తడి ఒకటి, అల్యూమినియం ఒకటి, ఒకదానిలో ఒకటి తిరుగుతాయి. ఒకే లోహమైతే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ మరల మధ్య వెంట్రుకవాసి ఎడం కూడా లేదు. పాత గ్రీజు పసుపుముద్దలా గడ్డకట్టి వుంది. దాన్ని కడిగి, కొత్తది పలచగా రాసి బిగించి నా చేతికిచ్చాడు. తిప్పి చూశాను. వెన్నలో చెంచా తిప్పినట్టుంది. ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది; వదులు లేదు, బిగువు లేదు. రంధ్రం అంకె మార్చినప్పుడల్లా వేలికి చిన్న టిక్కు తగులుతుంది. చీకట్లో కూడా లెక్కపెట్టుకోవచ్చు. అంకెలు అచ్చువేసినవి కావు, లోహంలో చెక్కి రంగు నింపినవి. అరవై ఏళ్ళ వేళ్ళ రాపిడికి నలుపు పోయి అంచులు తెల్లబడ్డాయి గాని, ఒక్క అంకె చెరగలేదు. దానిలో తీగ లేదు, మోటారు లేదు, బ్యాటరీ లేదు. పాడవగలిగింది గ్రీజు ఒక్కటే, అది మార్చదగింది.

ఆ పనితనంలో ఇంకొక ఉపయోగం వుంది. ఇప్పటి లెన్సులు చాలావాటిలో అది తీసేశారు. దూరపు అంకెల పక్కన రంగురంగుల గీతలు, రంధ్రపు అంకెల రంగులకు జతగా. ఎంత దూరంనుంచి ఎంత దూరందాకా బొమ్మ స్పష్టంగా వుంటుందో అవి చెబుతాయి. రంధ్రం 11 చేసి, దూరం పాతిక అడుగుల దగ్గర పెట్టారనుకోండి; పన్నెండు పదమూడు అడుగులనుంచి ఆకాశందాకా అన్నీ స్పష్టమే. ఇక కంటికి కెమెరా ఆనించి తంటాలు పడనక్కరలేదు. సింహాచలం చందనోత్సవంలో మావయ్య ఇలాగే తీసేవాడు, కెమెరా పొట్టదగ్గర పెట్టుకుని జనంలో నడుస్తూ. ఎవరూ తలెత్తి చూసేవారు కారు.

ఇంట్లో ఇటువంటి లెన్సు వున్నవారికి నాకు తగిలిన దెబ్బవల్ల తెలిసిన సంగతి చెబుతాను. తోలుసంచీ అందంగా వుంటుంది గాని, బూజుకు పుట్టిల్లు. తోలు తేమను పీలుస్తుంది. మన కోస్తాలో ఆ తేమకు కరువా? గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలను అప్పుడప్పుడు వేయించి ఆరబెట్టండి. అన్నిటికంటే మంచి మందు వాడడం. నెలకొకసారి ఎండ చూసిన లెన్సుకు బూజు పట్టడం తక్కువ.

పాతది కొనేవారు గాజులో టార్చి వెలుగు వేసి వెనకనుంచి చూడాలి. ముందు గాజుమీద ఒకటి రెండు గీతలుంటే భయపడకండి. వెనక గాజుమీద గీత మాత్రం ప్రమాదం. రంధ్రపు రేకులమీద నూనె వుంటే అవి చురుగ్గా మూసుకోవు. నైకాన్‌వారివైతే 1977కు ముందువాటిని తరువాతి కెమెరాలు కొన్నిటికి బిగిస్తే కెమెరాకే దెబ్బ. అడిగి తెలుసుకుని బిగించాలి. పెంటాక్సువారి పాత 50 మిల్లీమీటర్ల టకుమార్ లెన్సులు కొన్ని పసుపుపచ్చగా కనిపిస్తాయి. దానికి దోషం బూజు కాదు, గాజులో కలిపిన థోరియం. అది కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం; దానివల్ల కాలక్రమాన గాజు పచ్చబడుతుంది. విచిత్రమేమిటంటే కొన్నాళ్ళు ఎండలో పెడితే మళ్ళీ తెల్లబడుతుంది, మన ఆవకాయ జాడీలాగ ఎండ చూపించడమే వైద్యం.

ఫిలిం సంగతి మాత్రం చవక కాదు. ఊటీలో మన ప్రభుత్వపు కార్ఖానా చేసిన ‘ఇందు’ ఫిలిం రోజులు పోయాయి. కొడాక్‌వారి ట్రై-ఎక్స్ ఒక రీలు తెప్పించాను. 35 మిల్లీమీటర్లలో అది 1954లో వచ్చింది, ఇప్పటికీ వస్తూంది. దాని ధరను ముప్ఫైఆరుతో భాగించి చూసుకున్నాక, వేలు మీటమీద పెట్టినప్పుడల్లా ఒకసారి ఆలోచించవలసి వస్తుంది. మా అబ్బాయి టెలిఫోనులో పన్నెండు వేల బొమ్మలున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ గోడ ఎక్కలేదని నేనన్నాను. “నువ్వు ఈ రీలులో మూడు నెలల్లో పాతిక కూడా తీయలేదు గదా” అని వాడన్నాడు. అదీ నిజమే.

మొన్న శనివారం రాత్రి అమ్మ టీవీ ముందు కూచుని సీరియలు చూస్తూంది. ఆవిడకిప్పుడు ఎనభై రెండు. గదిలో దీపం తీసేసి వుంది. టీవీ వెలుగు ఒక చెంపమీద పడి కదులుతూంది. రంధ్రం 2 చేశాను. వేళ్ళకు టిక్కు టిక్కుమని తగిలింది. ముక్కుపుడకమీద చుక్క స్పష్టమయ్యేదాకా ఉంగరం తిప్పి, వూపిరి బిగపట్టి నొక్కాను. ఆ కెమెరా చప్పుడు సామాన్యమైంది కాదు గదా!

“ఏమిట్రా ఆ చప్పుడు?” అంది అమ్మ, అటే చూస్తూ.

“ఏం లేదమ్మా, తాళం.”

అమ్మ ఇటు తిరిగింది. కెమెరాను చూసింది. కాసేపు మాట్లాడలేదు.

“మీ మావయ్య కెమెరానా అది? బాగుపడిందా?”

“పడింది.”

“రీలులో ఇంకా ఎన్ని వున్నాయి?”

వెనక్కి తిప్పి లెక్క చూసుకున్నాను. “పదకొండు.”

“అయితే వుండు. చీర మార్చుకొస్తాను” అని అమ్మ లేచింది.